కళ్ళజోడాయన కాపలా

టెక్సాస్‌లో మా ప్లేనోలో గ్రాకిల్ అని ఒక పక్షి ఉంటుంది. నల్లగా నిగనిగలాడుతూ, పసుపు కళ్ళు తిప్పుకుంటూ, కిరాణా కొట్టు పార్కింగ్ లాటంతా దాని తాత రాసిచ్చి పోయినట్టు తిరుగుతుంది. మొన్న డ్రైవ్‌వే మీద వడియాలు పెడితే ముందు వచ్చింది ఆ పక్షి. దాని వెనకే వచ్చినవాడు మా కాలనీ సంఘం కుర్రాడు.

ఇక్కడ ఇల్లు మనది, వాకిలి మనది, కానీ వాకిట్లో ఏం కనపడాలో చెప్పే సంఘం ఇంకోటి ఉంటుంది. ఆ కుర్రాడు మనవాళ్ళబ్బాయే, ఇక్కడే పుట్టాడు. వాళ్ళమ్మా నేనూ సాయంత్రాలు కలిసి నడుస్తాం. పాపం, చెప్పడానికి చాలా మొహమాటపడ్డాడు.

"ఆంటీ, రోడ్‌కి కనిపించేటట్టు ఫుడ్ డ్రై చెయ్యకూడదు. రూల్స్‌లో ఉంది. ఎవరో ఫోటో తీసి పంపించారు. శనివారంకి తీసేయండి, ప్లీజ్. తర్వాత ఫైన్ వేస్తారు, నేను స్టాప్ చెయ్యలేను."

అలాగే నాన్నా అన్నాను. మా వైపు 'అలాగే' అంటే ఒప్పుకున్నట్టు కాదు, చెవిన పడిందని. వేయించిన వడియాలు పళ్ళెంలో పెట్టిస్తే నిలబడే అన్నీ తిని వెళ్ళాడు.

వాడి కారు మలుపు తిరిగాక నాకు నవ్వాగలేదు. నా వడియాల మీదికి ప్రభుత్వం రావడం ఇది రెండోసారి. మొదటిసారి వచ్చినప్పుడు అది నిజం ప్రభుత్వం. దానికి జైళ్ళున్నాయి, సైన్యం ఉంది, చిరుతపులి తోలు టోపీ ఉంది.

నేను చెప్పే కథల్లో సగం తీసేసి వినమని మా ఆయన ఇంటికొచ్చిన వాళ్ళందరికీ గుమ్మంలోనే చెబుతాడు. ఈ కథలో ఏ సగం తీసేయాలో ఆయనకీ తెలీదు.

మా నాన్నది బందరు. రంగులద్దే కుటుంబం. ఆ పనితనం పట్టుకునే మధ్య ఆఫ్రికాలో, సముద్రమంత నది ఒడ్డున ఉన్న బట్టల మిల్లులో రంగుల మేస్త్రీగా చేరాడు. ఆ దేశం ఇప్పుడు మ్యాపులో కాంగో. మేమున్నప్పుడు జైర్. దేశం పేరూ జైర్, నది పేరూ జైర్, చేతిలో నోటు పేరూ జైర్. మూడింటికీ ఆ పేరు పెట్టినవాడు ఒక్కడే, వాళ్ళ అధ్యక్షుడు. పరాయి దొరలు పెట్టిపోయినవన్నీ తుడిచేస్తానని మనుషుల పేర్లూ మార్పించాడు. చర్చిలో పెట్టిన పేర్లు వదిలేసి తాతముత్తాతల పేర్లు పెట్టుకోమన్నాడు. మగవాళ్ళు సూటూ టై వేసుకుంటే నేరం. ఆడవాళ్ళు ప్యాంటు తొడిగితే నేరం. అయ్యా అమ్మా అనకూడదు, అందరూ అందరినీ 'పౌరుడా', 'పౌరురాలా' అనాలి. రాత్రి వార్తలకి ముందు టీవీలో మబ్బులు కదిలేవి. ఆ మబ్బుల్లోంచి ఆయన మొహం దిగి వచ్చేది. మా తమ్ముడు చాలాకాలం ఆయన్ని వాన దేవుడనుకున్నాడు.

కొన్నాళ్ళపాటు రేడియోలో ఆయన పేరు తప్ప ఇంకెవరి పేరూ పలకకూడదని ఆజ్ఞ కూడా ఉండేదట. మంత్రిని మంత్రి అనాలి, జనరల్‌ని జనరల్ అనాలి, పేరున్నవాడు ఒక్కడే. అందుకే నేనిప్పుడు పంతం కొద్దీ ఆయన పేరు చెప్పను. మా అమ్మ నాన్న పేరెలా పలికేది కాదో ఆయన పేరూ అలాగే పలికేది కాదు, కారణం మాత్రం వేరు. "కళ్ళజోడాయన" అనేది. నాకూ అదే అలవాటైంది.

ఆ ఊళ్ళో కాకులు మన కాకుల్లా ఉండవు. ఒళ్ళంతా నలుపు, రొమ్ము మీదా మెడ చుట్టూ తెలుపు. తెల్లచొక్కా మీద నల్లకోటు తొడిగినట్టే. దేశం మొత్తం మీద సూటు వేసుకుని తిరిగే ధైర్యం వాటికే మిగిలిందని పక్కింటి మామా అనేది.

మామా అంటే ఆడమనిషి. అక్కడ పెద్దావిడని అలాగే పిలుస్తారు. ఒక ఆడదాన్ని మామా అని పిలవడానికి మా అమ్మకి ఒక వర్షాకాలం పట్టింది. ఈవిడ మార్కెట్‌లో పొగబెట్టిన చేపలూ ఆకుకూరలూ అమ్మేది. మేం వెళ్ళిన కొత్తలో ఆవిడ బుట్టలో గోంగూర కనపడింది. వాళ్ళు దాన్ని ఇంకేదో పేరుతో పిలుస్తారు గానీ గోంగూరే, ఆ ఎర్రకాడ, ఆ పులుపు. మా అమ్మ బుట్ట ముందు కూలబడి ఏడ్చింది. ఎవరైనా పోయారేమో అనుకుని మామా కూడా కూర్చుని ఏడ్చింది. స్నేహం అక్కడ మొదలైంది.

ఆ స్నేహమంతా గోడకి అటూ ఇటూ నిలబడి పోట్లాడుకోవడమే. చేపని పొగబెట్టి ఆరబెట్టాలని మామా, ఉప్పు రాసి ఎండబెట్టాలని బందరమ్మాయి మా అమ్మ. ఈ ఊళ్ళో ఎండని నమ్ముకున్నవాళ్ళు బాగుపడరని మామా అనేది. అందులో నిజం లేకపోలేదు. అక్కడ వానలు ఆగిన కాలంలో ఎండ కాయదు. ఆకాశం నెలల తరబడి బూడిదరంగు దుప్పటి కప్పుకుని పడుకుంటుంది. అయినా మా అమ్మ ఆ కాలంలోనే వడియాలు పెట్టేది. వాన లేనప్పుడు వడియం పెట్టకపోతే ఆమెకి తోచదు. కర్రపెండలం పిండి గంజిలా కాచి, జీలకర్రా, అక్కడి గిడస పచ్చిమిరపకాయలూ నూరి కలిపేది. ఆ మిరపకాయ గోటికంటే చిన్నది, కోపం మాత్రం మా నాయనమ్మంత. ఆ పిండి ఉడికే వాసన, మామా పెరట్లో పామాయిలు కాగే వాసన, బొగ్గుల పొయ్యి మీద చేప పొగ, ఆకుల్లో చుట్టి పులియబెట్టిన కర్రపెండలం ముద్దల పుల్లటి వాసన, అన్నీ కలిసి మా వీధి వాసన. ఇక్కడ ఇర్వింగ్‌లో ఒక ఆఫ్రికన్ కొట్టుంది. తలుపు తీయగానే అందులో సగం వాసన వస్తుంది. మిగతా సగం మా అమ్మ.

వడియాలకి కాకులే శత్రువులు. అమ్మ నల్లగొడుగు తెరిచి పెట్టింది. నల్లగుడ్డ కర్రకి కట్టింది. నన్నూ తమ్ముణ్ణీ కాపలా పెట్టింది, అది కాకులు తినేదానికంటే ఖరీదైంది. సగం ఆరిన వడియం రుచి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పైకి కరకర, లోపల మెత్తన. నేరం కాకుల మీదికి తోసేవాళ్ళం.

అప్పుడు మామా గోడ మీదుగా ఒక బట్ట విసిరింది.

అధ్యక్షుడు విదేశం వెళ్ళి వస్తున్నాడంటే వీధి వీధి ఆడవాళ్ళూ దారికి రెండు పక్కలా నిలబడి పాడుతూ ఆడాలి. అది ఆయన పార్టీ ఆజ్ఞ. దానికోసం ఇంటికో బట్ట పంచేవాళ్ళు. మంచి నూలు, ఆకుపచ్చ నేల మీద ఆయన మొహం, పళ్ళెమంతటిది, టోపీతో, కళ్ళజోడుతో. అద్దింది మా నాన్న మిల్లే. మామా మొగుడు బడి పంతులు. ఆయనకి నెలల తరబడి జీతం రాలేదు. "జీతం అడిగితే బట్టిచ్చారు. ఇది కట్టుకుని కూచుంటే ఆయన ఎక్కడికొస్తాడో చూశావా? నాకొద్దు. నీ కాకులకి చూపించు," అంది మామా.

అమ్మ ఆ బట్ట తడిపి, పోర్టికో శ్లాబు మీద పరిచింది. కాకులు మామిడిచెట్టు మీద వాలి చూశాయి. ఒక్కటీ దిగలేదు. ఒక కాకి రెక్కలు దగ్గరికి తీసుకుని అటెన్షన్‌లో నిలబడిందని నేను చెబుతుంటాను. మా తమ్ముడు ఒప్పుకోడు. వాడికప్పుడు నాలుగేళ్ళు, వాడి సాక్ష్యం చెల్లదు.

"కళ్ళు మాత్రం వదిలెయ్యవే, కాకులకి కళ్ళే కనపడాలి," అని అమ్మ గరిటె నా చేతికిచ్చి కిందికి దిగింది. కళ్ళు వదిలేశాను. బుగ్గల మీద వేశాను, టోపీ మీద చుక్కకో చుక్క వేశాను. చివర గరిటెలో కాస్త ఎక్కువ మిగిలింది. అది ఆయన నోటి మీద పోశాను. నిండుగా, గుండ్రంగా, అప్పచ్చిలా.

మా వెనకింటి మేడ మీద ఉండేవాడు వీధి పార్టీ పెద్ద. మర్నాడు పళ్ళు తోముకుంటూ కిటికీలోంచి చూశాడు. నోట్లో నురగతోనే కేక వేశాడని అంటారు. కాసేపటికి, సూటుకి బదులుగా అధ్యక్షుడు వేసుకోమన్న, మెడదాకా బొత్తాలు పెట్టిన కోటు తొడుక్కుని, ఇద్దరు మనుషుల్ని వెంటేసుకుని మా ఇంటికొచ్చాడు. వెనకే వీధంతా వచ్చింది. అందరూ నిచ్చెన పక్కన చేరారు. నాన్న మిల్లులో ఉన్నాడు. అమ్మ అట్లకాడ చేత్తో పట్టుకుని వచ్చింది. ఆమెకి వచ్చిన ఆ ఊరి భాష మార్కెట్‌లో నేర్చుకున్న లింగాల. బేరమాడ్డానికి పనికొచ్చే మాటలే తప్ప మర్యాద మాటలు అందులో లేవు.

"పౌరురాలా, నువ్వు మా మార్గదర్శి నోరు మూశావు," అన్నాడు.

"మూసింది పిండి. ఆరితే అదే ఊడుతుంది," అంది అమ్మ.

"ఎప్పుడు ఆరుతుంది?"

అమ్మ తలెత్తి బూడిదరంగు ఆకాశం చూసింది. "మీ ఊళ్ళో ఎండ ఎప్పుడొస్తే అప్పుడు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దమనిషి మెడ దగ్గర బొత్తాం బిగుసుకుంది. అధ్యక్షుడి మొహం మీద తిండి పెట్టడమేమిటని అడిగాడు. అమ్మ ఉన్నదే చెప్పింది. ఆయన ఉంటే దొంగలు రావడం లేదు, ఇంతకుముందు ఏం పెట్టినా ఎత్తుకుపోయేవాళ్ళు అంది. ఆమె అన్నది కాకుల గురించి. కానీ జీతాల్లేని ఆ వీధిలో, ఆయనకి సముద్రాల అవతల ఎన్ని మేడలున్నాయో అందరూ గుసగుసగా చెప్పుకునే ఆ ఊళ్ళో, ఆ మాట ఎటు పోవాలో అటు పోయింది. ఈసారి నవ్వింది ఒకరు కాదు.

వెంటనే తీసెయ్యమన్నాడు. అమ్మ అట్లకాడ ఆయన ముందుకి చాచింది.

"పచ్చివి. గోకాలి. నువ్వే గోకు."

ఆ దేశంలో ఆయన మొహాన్ని మంగలిషాపు గోడ మీద నుంచి కూడా ఎవరూ దించరు. దించినవాడు మళ్ళీ కనపడడు. అలాంటిది అట్లకాడతో పెదాలు గోకడం. పెద్దమనిషి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. వెంట వచ్చిన ఇద్దరూ మామిడికాయలు లెక్కపెట్టసాగారు. పోనీ ఆరాక తీస్తావు కదా, ఎలా తీస్తావు అని అడిగాడు. గుడ్డ బోర్లా తిప్పి, వీపున నీళ్ళు చల్లి, ఒక్కోటీ ఒలుస్తానంది అమ్మ. మార్గదర్శిని బోర్లా పడుకోబెట్టి నీళ్ళు చల్లడం ఊహించుకుని కళ్ళు మూసుకున్నాడు.

కళ్ళు తెరిచి అసలు ప్రశ్న అడిగాడు.

"ఈ బట్ట ఎవరిచ్చారు?"

నవ్వులు ఆగిపోయాయి. మామా గోడ అవతల చేప కత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆడమని ఇచ్చిన బట్టని పారేయడమంటే ఆడనని చెప్పడమే. అంతకుముందు మార్కెట్‌లో ఒకావిడ ఆయన బొమ్మున్న పేపరులో చేపలు చుట్టింది. తెల్లారేసరికి ఆవిడ చోటులో ఇంకొకరు కూర్చున్నారు. ఆవిడ కుటుంబం వీధిలోనే లేదు. మామా ఇంట్లో ఏడుగురు ఆ చేపల మీదే బతుకుతున్నారు. అమ్మ మామాని చూపిస్తే మామా పోతుంది. 'మా ఆయన మిల్లులోదే' అని చెబితే, మిల్లు బట్ట దొంగతనం కింద మమ్మల్ని విమానమెక్కిస్తారు.

అమ్మ గోడవైపు చూడలేదు. బట్టవైపే చూసింది.

"ఇంకా ఆరలేదు," అంది. "ఆరాక చెబుతా."

ఆయనకి కోపం కంటే తెలివి ఎక్కువ. సరే అన్నాడు. ఎల్లుండి అధ్యక్షుడి విమానం వస్తోంది. వీధి ఆడవాళ్ళందరూ బట్ట కట్టుకుని వరసలో నిలబడాలి. బట్ట లేకుండా ఎవరొస్తే వాళ్ళే దొంగ. అప్పటిదాకా మార్గదర్శి మొహానికి ఏమీ కాకుండా తన మనిషి ఒకడు శ్లాబు మీద కాపలా ఉంటాడు. అలా ఒక దేశాన్నేలే పార్టీ మా వడియాలకి కాపలా కాసింది. ఆ మనిషి మంచివాడు. అమ్మ పులిహోర పెడితే తిన్నాడు. సగం ఆరిన వడియం రుచి వాడికీ తెలిసిపోయింది. కారం ఇంకొంచెం పడాలని సలహా కూడా ఇచ్చాడు.

నాన్న మిల్లు నుంచి వచ్చాక సంగతంతా విన్నాడు. ఉద్యోగం ఏమవుతుందని అడుగుతాడనుకున్నాం. "రంగు దిగిందా?" అని అడిగాడు. దిగలేదంది అమ్మ. అయితే భయం లేదని స్నానానికి వెళ్ళాడు.

సాయంత్రం గోడ దగ్గర మామా, తానే వెళ్ళి ఒప్పుకుంటానంది. అమ్మ వినలేదు. "బట్ట నా శ్లాబు మీదుంది. దాని మీద నా వడియాలున్నాయి. అవి ఆరేదాకా అది నాది." మామా ఆకుకూరల బుట్ట నెత్తిన పెట్టుకుని వీధిలోకి వెళ్ళింది. ప్రతి ఇంటి ముందూ ఆగింది. ఎవరింట్లోనూ ఆకుకూర కొనలేదు.

తెల్లవారి నేను శ్లాబెక్కి చూస్తే వీధి వీధంతా ఆయనే. రేకుల మీద, పిట్టగోడల మీద, గడ్డి మీద, పనికిరాని లారీ మీద. ప్రతి ఇంటి ఆడమనిషీ తనకిచ్చిన బట్ట తడిపి పరిచింది. దాని మీద కర్రపెండలం పిండి, ముద్దలు ముద్దలుగా, చెంపల మీద, గడ్డం మీద. కళ్ళు మాత్రం అందరూ వదిలేశారు. ఎటు చూసినా ఆకాశంలోకి చూస్తున్న కళ్ళజోళ్ళు. ప్రతి నోటి మీదా నిండుగా, గుండ్రంగా ఒక ముద్ద. అది వాళ్ళకి ఎవరూ చెప్పలేదు, నా శ్లాబు చూసి నేర్చుకున్నారు. నా జీవితంలో నన్ను ఇంతమంది అనుసరించింది అప్పుడొక్కసారే. మా తమ్ముడు మూడిళ్ళే అంటాడు. చెప్పానుగా, వాడి సాక్ష్యం చెల్లదు.

విమానం వచ్చే రోజు పొద్దున్న పార్టీ పెద్ద ఇంటింటికీ తిరిగాడు. బట్ట కట్టుకుని రమ్మన్నాడు. మొదటింటావిడ ఆకాశం చూసి, ఇంకా ఆరలేదంది. రెండో ఇంటావిడా అదే అంది. వీధి చివర ముసలమ్మకి చెవులు వినపడవు, ఆయన నోరు తెరవకముందే ఇంకా ఆరలేదంది. మామా ఇంటి ముందు ఆగాడు. ఆవిడ ఖాళీ చేతులతో గుమ్మంలో నిలబడి, నా బట్ట కూడా శ్లాబు మీద ఉంది, ఎవరి శ్లాబని అడగకు, వెళ్ళి మొహాలు గోకి చూసుకో అంది. అమ్మ మా గేటు దగ్గర అట్లకాడతో సిద్ధంగా ఉంది.

ఆయన వీధి మధ్యన నిలబడి అటూ ఇటూ చూశాడు. అన్ని మొహాల్లో దేన్ని గోకినా ప్రమాదమే. పైవాళ్ళకి చెబితే, నీ వీధిలో ఇన్ని నోళ్ళు మూస్తుంటే నువ్వేం చేస్తున్నావని ముందు ఆయన్నే అడుగుతారు. కోటు మెడ బొత్తాం ఒకటి విప్పుకున్నాడు. ఇంటికెళ్ళి వెనక కిటికీ మూసుకున్నాడు. ఆ రోజు మా వీధి ఆడలేదు.

మమ్మల్ని కాపాడింది మా వీధి ఆడవాళ్ళ మొండితనమే అని నేనంటాను. ఆ రోజు విమానం రానేలేదు కాబట్టి ఏ వీధి లెక్కా ఎవరూ తీయలేదని తమ్ముడంటాడు. విమానం రాలేదన్నది నిజమే. పక్క వీధుల ఆడవాళ్ళు చీకటి పడేదాకా నిలబడి, కాళ్ళు వాచి, తిట్టుకుంటూ తిరిగొచ్చారు. వచ్చేసరికి మా వీధిలో వడియాలు వేగుతున్నాయి. నూనెలో పడగానే ఆయన నోరు మూసిన వడియం నాలుగింతలు పొంగింది. అది మామాకే ఇచ్చింది అమ్మ. మామా కరకరలాడించి, పర్వాలేదు గానీ పొగబెడితే ఇంకా బాగుండేదంది.

తర్వాత కొన్నేళ్ళకి జీతాల్లేని సైనికులే తుపాకులతో బజార్ల మీద పడ్డారు. మిల్లు మూతపడింది. చేతికందింది పట్టుకుని వచ్చేశాం. మామా గేటు దాకా వచ్చి ఆకుల్లో చుట్టిన పొగచేప ఇచ్చింది. "ఇది పాడవదు. అక్కడ కూడా నీ ఎండని నమ్ముకోకు," అంది. ఆ తర్వాత ఆవిడ సంగతి ఏమీ తెలీదు. ఇర్వింగ్ కొట్టులో ఆ ఊరివాళ్ళు కనపడితే వీధి ఆనవాళ్ళు చెప్పి అడుగుతాను. ఆ వీధికి ఇప్పుడు ఏం పేరో వాళ్ళకీ తెలీదు. దేశానికి పాత పేరు తిరిగొచ్చింది, నదికీ తిరిగొచ్చింది. కళ్ళజోడాయన పరాయిదేశంలో పోయాడు. మా అమ్మా నాన్నా కూడా లేరు.

బట్ట ఉంది. నా దగ్గరే.

శుక్రవారం దాన్ని తీసి తడిపి డ్రైవ్‌వే మీద పరిచాను. నాన్న అన్నట్టే రంగు దిగలేదు. పిండి కాచి, కళ్ళు వదిలేసి, నోటి దాకా వేశాను. శనివారం పొద్దున్న గ్రాకిల్ వచ్చింది. కళ్ళజోడు వంక ఒక్క క్షణం చూసింది. టోపీ మీదికి ఎక్కింది. బుగ్గ మీదుగా తాపీగా నడిచి, నోటి మీద వడియం పీక్కుని ఎగిరిపోయింది. అక్కడి కాకులు ఆయన్ని చూసి భయపడ్డాయి గానీ, మా వీధి ఆడవాళ్ళు భయపడలేదు. ఈ పక్షి కాకుల తరఫుది కాదు. మా వీధిది.

అప్పుడే కుర్రాడి కారు వచ్చి ఆగింది. అద్దం దించాడు. పరిచిన మొహాన్ని చూశాడు, నన్ను చూశాడు.

"ఆంటీ, ఈరోజు శనివారం."

"ఇంకా ఆరలేదు నాన్నా."

వాడు తల బయటికి పెట్టి ఆకాశం చూశాడు. టెక్సాస్ ఎండ పెనం మీద నీళ్ళు చల్లినట్టు చుర్రుమంటోంది. నేను లోపలికెళ్ళి గిన్నెలో మిగిలిన పిండి తెచ్చాను. వాడు చూస్తుండగానే, ఖాళీ అయిన ఆ నోటి మీద ఇంకో గరిటె పోశాను.